ఎనభై ఒకటో రోజున వచ్చిన ఫైలు

సింధు అసలు పేరు కాదు. ఆమె పనిచేసిన కంపెనీల పేర్లు కూడా రాయడం లేదు. తేదీలు మాత్రం మార్చలేదు, ఈ కేసంతా తేదీలే కాబట్టి. ఆమె మొత్తం చదివి "వేసుకో అక్కా, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాకే బయటపెడుతున్నాను.

నేను డాలస్ దగ్గర ఇమ్మిగ్రేషన్ లాయరుని. 2023 ఆగస్టు 20, ఆదివారం రాత్రి సింధు ఫోన్ చేసింది. ఖమ్మం జిల్లా అమ్మాయి. నాన్న మిర్చి, పత్తి వేస్తారు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న ఎడ్యుకేషన్ లోనుతో 2021 ఆగస్టులో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చింది. బిజినెస్ అనలిటిక్స్‌లో మాస్టర్స్ 2023 మే 12న పూర్తయింది. ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో పని చేసుకునే అనుమతి, వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఆ ఏడాది పెద్ద కంపెనీలే వేలమందిని తీసేస్తుంటే, అనుభవం లేని పిల్లలకి ఇంటర్వ్యూ కాల్ రావడమే గగనంగా ఉండేది.

"54 రోజులు అయిపోయాయి అక్కా, ఇంకో 36 రోజుల్లో ఏదో ఒకటి వస్తుందనుకుంటున్నా. అప్పటిదాకా ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆఫర్ లెటర్ ఇస్తామంటున్నారు. పెట్టుకోవచ్చా?" ఇదీ ప్రశ్న.

కన్సల్టెన్సీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈఏడీ (పని అనుమతి) కార్డు ఫోటో పంపమన్నాను. చదువు తర్వాతి మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులు. ఆ లెక్క కార్డు చేతికొచ్చిన రోజున మొదలవదు. కార్డు మీద వేసిన ప్రారంభ తేదీన మొదలవుతుంది. సింధు కార్డు పాత అపార్ట్‌మెంట్ అడ్రసుకి వెళ్లి, తిరిగి తిరిగి జూన్ 28న ఆమెకి చేరింది. ఆమె అప్పట్నుంచి లెక్కేసుకుంది. కార్డు మీద ఉన్నది జూన్ 1. జూన్ 30 రోజులు, జూలై 31, ఆగస్టు 20. మొత్తం 81.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత "అంటే తొమ్మిది రోజులేనా?" అంది.

ఇలాంటి ఫైళ్లు నాకు కొత్త కాదు. పిల్లలు వీసాకీ స్టేటస్‌కీ తేడా తెలియకుండా రెండేళ్ల చదువు ముగించేస్తారు. పాస్‌పోర్టులో అంటించే వీసా గడప దాటడానికి. లోపల ఉండనిచ్చేది స్టేటస్, అది సెవిస్ అనే కంప్యూటర్ రికార్డులో ఉంటుంది. సింధు వీసా 2026 దాకా ఉంది. "వీసా ఉంది కదా అక్కా" అని రెండుసార్లు అంది. 90 రోజులు దాటితే ఆ వీసా ఆమెని కాపాడదు.

ఆ రాత్రి ఉన్న దారులన్నీ కాగితం మీద పెట్టుకున్నాం. ఆమె అప్పటికే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగి ఒక జాబితా తయారుచేసుకుంది. అందులో సగం పనికిరానివి, ఒకటి ప్రమాదకరం.

మొదటిది రెండో మాస్టర్స్. ఇంకో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే స్టేటస్ నిలుస్తుంది, నిజమే. కానీ ట్రాన్స్‌ఫర్ రోజునే ఉన్న ఓపీటీ పోతుంది. రెండో మాస్టర్స్ అయ్యాక మళ్లీ ఓపీటీ రాదు, ఎందుకంటే ఒక స్థాయి చదువుకి ఒక్కసారే ఇస్తారు. పీహెచ్‌డీకి వెళ్తే తప్ప కొత్తది లేదు. ఈ సంగతి చెప్పేసరికి ఆమె గ్రూపులో నలుగురు ఉలిక్కిపడ్డారట.

రెండోది అదే దారికి ఇంకో రూపం, 'డే-1 సీపీటీ'. సీపీటీ అంటే చదువుతూనే పని చేసుకునే అనుమతి. చేరిన మొదటి రోజునుంచే ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చని కొన్ని కాలేజీలు ఆశపెడతాయి. చదువులో పని నిజంగా భాగమైతే చట్టంలో దానికి చోటుంది. కానీ క్లాసులు నామమాత్రంగా ఉండి, ఫీజు కట్టించుకుని పర్మిట్ ఇచ్చే చోట్ల గురించి తెలుగువాళ్లకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి ట్రాకింగ్ పట్టీలు కట్టిన ఫోటోలు పేపర్లలో చూశాం. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, ఇమ్మిగ్రేషన్ అధికారులు వేసిన వల. అందులో పడినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. మంచి కాలేజీలో చేరినా, తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీ ఫైల్ చేసినప్పుడు 'ఈ సీపీటీ చదువుకి ఎలా సంబంధించింది' అంటూ అదనపు ఆధారాలడిగే నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ. ఆమె దగ్గర ఇంకా వాడని ఓపీటీ, దాని తర్వాత స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీలకిచ్చే పొడిగింపు ఉండగా ఈ దారి పట్టడం నాకు అర్థంలేని పనిగా అనిపించింది.

మూడోది కన్సల్టెన్సీ. ఆఫర్ లెటర్ ఇస్తారు, సెవిస్ పోర్టల్‌లో వాళ్ల పేరు పెట్టుకోవాలి. జీతం ఉండదు. ప్రాజెక్టు దొరికేదాకా 'ట్రైనింగ్', దానికి ఫీజు ఆమే కట్టాలి. ప్రాజెక్టు కోసం రెజ్యూమెలో ఏడేళ్ల అనుభవం కలపాలి. ఏడేళ్ల క్రితం ఆమె ఇంటర్ చదువుతోంది.

"అందరూ ఇదే చేస్తున్నారు అక్కా."

"రేపు హైదరాబాద్ కాన్సులేట్‌లో ఈ కంపెనీ పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) చూపించమంటే ఏం చూపిస్తావు?"

జవాబు రాలేదు. నేను పట్టుబట్టింది నీతి కోసం కాదు, లెక్క కోసం. ఉద్యోగం లేని రోజులు ఎక్కువైతే స్టేటస్ పోతుంది, అంటే ఇంటికి వెళ్లి మళ్లీ ఇంకో వీసా అడగొచ్చు. అబద్ధం రాసి ఇమ్మిగ్రేషన్ ప్రయోజనం పొందినట్టు తేలితే అమెరికాలో అడుగుపెట్టకుండా జీవితాంతం నిషేధం పడవచ్చు. మొదటిది దెబ్బ, రెండోది అంగవైకల్యం. 2020 అక్టోబర్‌లో ఉనికిలో లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపించిన 15 మంది విద్యార్థులను అరెస్టు చేస్తే, అందులో 11 మంది భారతీయులు. ఆ వార్త లింకు పంపాను. రాత్రి ఒంటిగంటకి "వద్దులే అక్కా" అని మెసేజ్ వచ్చింది.

జాబితాలో లేని దారి ఒకటుంది. మొదటి 12 నెలల ఓపీటీలో పనికి జీతం ఉండి తీరాలన్న నిబంధన లేదు. చదువుకి సంబంధించిన పని అయి, వారానికి కనీసం 20 గంటలు ఉండి, కార్మిక చట్టాలకి విరుద్ధం కాకపోతే వాలంటీర్ పని కూడా ఉద్యోగం కిందే లెక్క. ఈ చివరి షరతు ముఖ్యం. లాభాల కోసం నడిచే కంపెనీలో ఊరికే పనిచేయిస్తే అది వేతన చట్టంతో పేచీ. స్వచ్ఛంద సంస్థలో అయితే ఆ ఇబ్బంది లేదు. సింధు ఉండే ఊళ్లో పేదలకి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకు ఒకటుంది. వాళ్ల గోడౌన్ స్టాకు లెక్కలన్నీ ఎక్సెల్‌లో చిందరవందరగా ఉన్నాయి. సోమవారం వెళ్లి కలిసింది. మంగళవారం, ఆగస్టు 22న, వారానికి 22 గంటల లెక్కన పనిలో కూర్చుంది. ఏ సరుకు ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పే డాష్‌బోర్డు తయారు చేయడం ఆమె పని.

ఉద్యోగం లేని రోజుల మీటరు 82 దగ్గర ఆగింది.

ఆ పనికి రుజువుగా ఫుడ్ బ్యాంకు ఇచ్చే ఉత్తరం ఎలా ఉండాలో మాత్రం నేను చాలా పట్టుబట్టాను. 'ఈమె మా దగ్గర వాలంటీరుగా పనిచేస్తోంది' అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ తేదీనుంచి, వారానికి ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో, ఆ పని ఆమె డిగ్రీలోని ఏ విషయాలకి సంబంధించింది అన్నవన్నీ ఉండాలి. ప్రతి వారం టైమ్‌షీట్ మీద సూపర్‌వైజర్ సంతకం. "ఇంత అవసరమా అక్కా, ఎవరడుగుతారు?" అని విసుక్కుంది. 2025 మేలో, సెవిస్‌లో ఉద్యోగం వివరాలు లేకుండా 90 రోజులు దాటిన ఓపీటీ విద్యార్థులకి నోటీసులు వెళ్లాయి. అప్పుడు తనే ఫోన్ చేసి, ఆ టైమ్‌షీట్లు ఇంకా ఫైల్లోనే ఉన్నాయని చెప్పింది. ఆమెకి నోటీసు రాలేదు, అయినా చెప్పింది.

నవంబర్ 6న జీతమున్న ఉద్యోగం దొరికింది. పద్నాలుగు మంది ఉన్న చిన్న కంపెనీ, లారీ రవాణా సంస్థలకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫుడ్ బ్యాంకు డాష్‌బోర్డే ఇంటర్వ్యూలో చూపించింది.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి.

2024 జనవరిలో ఆ కంపెనీ యజమానితో మాట్లాడినప్పుడు నా దృష్టంతా మార్చిలో జరిగే హెచ్-1బీ లాటరీ మీదే ఉంది. హెచ్-1బీ ఏడాది కోటా 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకి ఇంకో 20,000. అంతకుముందు ఏడాది అర్హమైన రిజిస్ట్రేషన్లే 7,58,994 వచ్చాయి. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు చీటీలు వేసే అలవాటు ముదిరి, 2024 నుంచి పాస్‌పోర్టు నంబరు ఆధారంగా మనిషికొక్క అవకాశమే అన్నారు. దాంతో ఆ ఏడాది సంఖ్య 4,70,342కి పడింది. సింధు పేరు అప్పుడున్న 10 డాలర్ల ఫీజుతో వేశాం, రాలేదు. ఆగస్టులో రెండో విడత తీసినప్పుడూ రాలేదు. రాకపోతే స్టెమ్ పొడిగింపు ఉందని ధీమాగా ఉన్నాను. యూనివర్సిటీ ఇచ్చిన ఆమె ఐ-20 పత్రం మీద ప్రోగ్రామ్ కోడు 52.1301. అది స్టెమ్ జాబితాలో ఉందని మొదటి రోజే చూశాను. డిగ్రీ పేరు చూసి స్టెమ్ అనుకోకూడదు. ఒకే 'బిజినెస్ అనలిటిక్స్' పేరుతో రెండు యూనివర్సిటీలు రెండు కోడ్లు వాడొచ్చు, కోడే ప్రమాణం.

కోడు చూశాను గానీ కంపెనీని చూడలేదు. 24 నెలల స్టెమ్ పొడిగింపు కావాలంటే యజమాని ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో, నమోదై ఉండాలి. ఆ నంబరు లేకుండా దరఖాస్తే కుదరదు. ఏప్రిల్ 8న ఫారాలు నింపుతూ ఆ గడి దగ్గర ఆగాను. యజమానికి మెయిల్ పెడితే "అదేమిటి?" అని జవాబొచ్చింది. మే 31న ఓపీటీ అయిపోతుంది. జనవరిలోనే అడగాల్సిన ప్రశ్న నేను ఏప్రిల్‌లో అడిగాను.

ఆయన మొండివాడు కాదు, భయస్థుడు. ఈ-వెరిఫైలో చేరితే ప్రభుత్వం తన పాత ఉద్యోగులందర్నీ తవ్వుతుందని ఆయన అనుమానం. అది కొత్తగా చేరేవాళ్ల కోసమేననీ, ఇలాంటి ప్రైవేటు కంపెనీ పాత ఉద్యోగులను అందులో తనిఖీ చేయకూడదనీ, నమోదుకి పైసా ఖర్చు లేదనీ చెప్పడానికి మూడు ఫోన్ కాల్స్ పట్టాయి. సింధుకి ఆ మూడు వారాలు నిద్ర లేదు. ఆ సమయంలో ఆమెతో వేరే ఉద్యోగం వెతకడం కూడా మొదలుపెట్టించాను, నా తప్పుకి ఆమె ఒక్కతే మూల్యం కట్టకూడదని. ఏప్రిల్ 29న ఆయన ఒప్పందం మీద సంతకం చేశాడు.

తర్వాత పని వేగంగా నడిచింది. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాను మేనేజరుతో కూర్చుని రాయించాం. ఇది చాలామంది నెట్‌లో దొరికిన నమూనా అతికించి పంపేస్తారు. అందులో రాసిందే రేపు అధికారులు ఆఫీసుకొచ్చి తనిఖీ చేస్తే అడుగుతారని మేనేజరుకి చెబితే, ఆయనే రెండు పేరాలు కొట్టేసి నిజంగా చేయించే పని రాశాడు. మే 6న యూనివర్సిటీ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్‌లో సిఫారసు పెట్టారు. ఆ సిఫారసు తర్వాత 60 రోజుల్లోపు, పైగా ఓపీటీ గడువు ముగిసేలోపు దరఖాస్తు చేరాలి. మే 10న ఆన్‌లైన్‌లో వేశాం. ఫీజు అప్పటికి 470 డాలర్లు. గడువులోపు వేసినందుకు, కార్డు రాకపోయినా 180 రోజులు పని చేసుకోవచ్చు. కార్డు ఆగస్టులో వచ్చింది, 2026 మే 31 దాకా.

స్టెమ్‌లోకి వచ్చాక నిబంధనలు మారతాయి. జీతం లేని పని ఇక చెల్లదు. సొంత కంపెనీ పెట్టుకుని అదే ఉద్యోగమనడం కుదరదు. ఉద్యోగం లేని రోజుల పరిమితి మొత్తం 150, మొదటి ఏడాదివి కూడా కలుపుకొని. సింధుకి 82 అప్పుడే పోయాయి, మిగిలింది 68. ఫ్రిజ్ మీద కాగితం మీద రాసి అంటించుకోమన్నాను. అంటించుకుంది కూడా.

ఆ కాగితం పనికొచ్చింది. 2025 జనవరి 10, శుక్రవారం, కంపెనీ నలుగుర్ని తీసేసింది. అందులో ఈమె ఒకతి. ఈసారి ఫోన్లో ఏడుపు లేదు. "అక్కా, మార్చి 19 నా ఆఖరి రోజు, లెక్క సరేనా?" అని అడిగింది. సరేనన్నాను. ఆమె పెట్టుకున్న నియమం ఒకటే, ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే ఈ-వెరిఫై ఉందా అని అడగడం. నేను నేర్చుకోవాల్సిన పాఠం ఆమె నాకంటే ముందు నేర్చుకుంది. ఫిబ్రవరి 24న ఒక ఇన్సూరెన్స్ సంస్థలో డేటా అనలిస్టుగా చేరింది. మధ్యలో పోయినవి 44 రోజులు, మొత్తం 126. కొత్త యజమానితో కొత్త ఐ-983, పది రోజుల్లోపు డీఎస్ఓకి.

ఈ ఖాళీలోనే ఇతర వీసాల సంగతి మళ్లీ వచ్చింది. యూనివర్సిటీల్లో, వాటికి అనుబంధమైన పరిశోధన సంస్థల్లో ఉద్యోగమైతే హెచ్-1బీకి లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. రెండు చోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. మనవాళ్లు ఐటీ కన్సల్టింగ్ తప్ప ఈ వైపు చూడకపోవడం నాకెప్పుడూ వింతే. ఇంట్లోవాళ్లు హెచ్-1బీ ఉన్న సంబంధం చూస్తామన్నారు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద భర్త గ్రీన్‌కార్డు ఒక దశ దాటేదాకా పని పర్మిట్ రాదని చెబితే సింధు నవ్వి ఊరుకుంది, నేను కూడా ఆ విషయంలో సలహా ఇవ్వలేదు. కెనడా, మెక్సికో వాళ్లకి టీఎన్, ఆస్ట్రేలియా పౌరులకి ఈ-3 అనే ఉద్యోగ వీసాలు ఉన్నాయి. ఈ-3కి ఏడాదికి 10,500 కోటా, లాటరీ లేదు. మెల్బోర్న్‌లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు దీని మీద డాలస్ వచ్చి రెండేళ్లకోసారి పొడిగించుకుంటూ హాయిగా ఉన్నారు. భారతీయ పాస్‌పోర్టుకి అలాంటిదేదీ లేదు.

2025 మార్చిలో రిజిస్ట్రేషన్ ఫీజు 215 డాలర్లయింది. అర్హమైనవి 3,43,981 వచ్చాయి, 1,20,141 ఎంపికయ్యాయి. మూడింట ఒకటి. మార్చి 31న సింధు పేరు పక్కన 'సెలెక్టెడ్' వచ్చింది. కొత్త యజమాని ఫీజులన్నీ తనే కట్టాడు. హెచ్-1బీ ఫీజుల్లో ట్రైనింగ్ ఫీజు అనే భాగాన్ని ఉద్యోగి చేత కట్టించకూడదని చట్టంలోనే ఉంది. ఇది తెలియక కన్సల్టెన్సీలకి సొంత డబ్బు పోసిన పిల్లల్ని చాలామందిని చూశాను. హెచ్-1బీ పిటిషన్‌ని, దేశం దాటకుండానే ఎఫ్-1 నుంచి మారే స్టేటస్ మార్పుతో, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా మే నెలలో వేశాం.

జూన్‌లో నానమ్మ పోయింది. సింధుని పెంచింది ఆవిడే. వెళ్లొచ్చా అని అడిగింది. స్టేటస్ మార్పు దరఖాస్తు నిర్ణయం కాకుండా దేశం దాటితే ఆ భాగాన్ని వదులుకున్నట్టే. పిటిషన్ బతికే ఉంటుంది గానీ, హెచ్-1బీలోకి రావాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని మళ్లీ ప్రవేశించాలి. ఎఫ్-1 వీసా మీద తిరిగొచ్చి పని చేసుకోవచ్చు, అయితే అక్టోబర్ 1న స్టేటస్ దానంతట అది మారదు. ఇవన్నీ చెప్పి, వెళ్లమనీ వద్దనీ అనలేదు. అలాంటి చోట లాయరు నోరు మూసుకోవాలి. దహనం వాట్సాప్ వీడియోలో చూసింది. పదకొండో రోజు ఆఫీసుకి సెలవు పెట్టింది.

జూలైలో ఆమోదం వచ్చింది. సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వెలువడిన రాత్రి, ఇండియా వెళ్లినవాళ్లు విమానం టికెట్ల కోసం పరుగులు పెడుతుంటే నా ఫోను ఆగలేదు. సింధు కూడా చేసింది. సెప్టెంబర్ 21 నుంచి వేసే పిటిషన్లకే అది వర్తిస్తుందనీ, ఆమెది మేలో వేసిందనీ చెప్పాను. ఆమె జూన్‌లో వెళ్లకపోవడం తెలివి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అప్పుడు మా ఇద్దరికీ ఈ ఉత్తర్వు సంగతి తెలియదు.

ఇదే ఫైలు ఇప్పుడొస్తే ఒక లెక్క మారుతుంది. 2026 లాటరీ నుంచి జీతం స్థాయిని బట్టి చీటీల సంఖ్య ఉంటుంది, నాలుగో స్థాయికి నాలుగు, ఒకటో స్థాయికి ఒకటి. సింధుది రెండో స్థాయి. కాలేజీనుంచి అప్పుడే వచ్చిన పిల్లలకి ఇది గట్టి దెబ్బే. అందుకే ఇప్పుడు నా దగ్గరకొచ్చే ఓపీటీ పిల్లలకి లాటరీ లేని యూనివర్సిటీ ఉద్యోగాల గురించి మొదటి మీటింగ్‌లోనే చెబుతున్నాను. యజమాని ఈ-వెరిఫై నంబరు గడి కూడా కొత్తగా వచ్చేవాళ్ల చేత నింపించే నా ఇన్‌టేక్ ఫారంలో మొదటి పేజీకి వచ్చింది.

అక్టోబర్ నెలాఖర్లో సింధు మళ్లీ ఫోన్ చేసింది, గొంతులో పాత టెన్షన్.

"అక్కా, జీతం తగ్గింది. హెచ్-1బీ వస్తే పెరగాలి కదా?"

పే స్టబ్ పంపమన్నాను. ఎఫ్-1లో మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలుండవు. హెచ్-1బీలోకి మారిన రోజునుంచీ ఉంటాయి, రెండూ కలిపి 7.65 శాతం. కోత సరిగ్గానే ఉంది. అదే చెప్పాను.

"అంటే ఇక రోజులు లెక్కపెట్టక్కర్లేదు, డబ్బులు లెక్కపెట్టుకోవాలన్నమాట" అంది. హెచ్-1బీలో ఉద్యోగం పోతే 60 రోజులే గడువని గుర్తుచేశాను. ఫ్రిజ్ మీది కాగితం ఇంకా తీయలేదంది.